దాహం లేని దారి

ఎడతెగని దారి కాబట్టే దీనికి ఎడారి అని పేరొచ్చి ఉంటుందని సుదర్శనం తేల్చేశాడు. తేల్చేసి పెట్రోలు బంకులో కారు దిగి, ముందు టైరు పక్కన గొంతుక్కూర్చుని వాల్వు నొక్కాడు. గాలి బుస్సుమంది.

"నా గాలి తియ్యడానికి మీ అక్క, టైరు గాలి తియ్యడానికి నువ్వు. మీ ఇంట్లోవాళ్లు దేన్నీ నిండుగా ఉండనివ్వరేమోయ్" అన్నాడు కోదండపాణి కిటికీలోంచి తల బయటపెట్టి.

"ముందున్నది కంకర రోడ్డు బావా. గాలి నిండుగా ఉంటే టైరు రాయి మీద గెంతుతుంది, గెంతి చిరుగుతుంది. కాస్త తగ్గిస్తే రాయిని హత్తుకుని పోతుంది. కంకర మీద కంగారు పనికిరాదు."

సుదర్శనం వకుళకి తమ్ముడు. రాజమండ్రిలో టైర్ల షాపు. దసరా సెలవులకి నమీబియా వెళ్లి, అద్దె కారు తీసుకుని మనమే నడుపుకుంటూ తిరుగుదామని బావ అన్న దగ్గర్నుంచి, అక్కడికి వెళ్లొచ్చినవాళ్ల సలహాలన్నీ రెండు నెలలు కూర్చుని చదివాడు. నమ్మి బయల్దేరాలి కాబట్టి నమీబియా అని దానికీ ఒక అర్థం లాగాడు. చదివినవి మర్చిపోకుండా ఉండటానికి రోజూ ఉదయం కారు స్టార్టు చేసేముందు ఒకసారి పైకి అప్పజెబుతాడు. వినేవాళ్లు విన్నా వినకపోయినా.

"బంకు కనపడితే ట్యాంకు నింపాలి, సగం ఉందిలే అనుకోకూడదు. కంకర మీద ఎనభై దాటకూడదు. పొద్దు వాలేలోపు చేరిపోవాలి, చీకట్లో జింకలు అడ్డమొస్తాయి. స్పేరు టైర్లు రెండుండాలి. కారు ఆగిపోతే కారు వదిలి నడవకూడదు, వెతికేవాడికి మనిషి కంటే కారు పెద్దగా కనపడుతుంది. మనిషికి రోజుకి ఐదు లీటర్ల నీళ్లు."

"ఆ ఐదు లీటర్ల సంగతి మీ బావ చూసుకుంటారులే. మిగతావి నువ్వు చూడు" అంది వెనక సీట్లోంచి వకుళ.

ఆమె ఎడమ చెవి వెనక రూపాయి బిళ్లంత పట్టీ ఒకటి అతికించి ఉంది. అలాంటిదే కోదండపాణి చెవి వెనకా ఉంది. సుదర్శనం చెవి మాత్రం ఖాళీ. అతనికీ ఒకటి ఇవ్వబోతే, "నాకొద్దు బావా. దాహమేస్తే తాగుతాను, లేకపోతే మానేస్తాను. ఆ మాత్రం దానికి నా చెవిని ఇబ్బంది పెట్టడం ఎందుకు" అన్నాడు.

దాహాన్ని ఆపే పట్టీ అది. నీళ్లు దాహాన్ని తీరుస్తాయి, ఈ పట్టీ దాహాన్నే తీసేస్తుంది. నాచారంలో ఒక ప్రయోగశాలలో కోదండపాణి తొమ్మిదేళ్లు కూర్చుని చేశాడు దాన్ని. సరదాకి చెయ్యలేదు. అతని అన్నయ్య కిడ్నీలు పాడై డయాలసిస్ మీద మూడేళ్లు బతికాడు. రోజుకి అర లీటరుకి మించి తాగకూడదన్నారు. అంత పెద్దమనిషీ ఆస్పత్రి బాత్రూంలో కుళాయి కింద నోరు పెట్టి దొరికిపోయాడు. ఆ రోజు అన్నయ్య మొహం చూసిన తర్వాత కోదండపాణి దేహానికీ దాహానికీ మధ్య తలుపొకటి కట్టాలనుకున్నాడు. కట్టాడు. చెవి వెనక నరానికి సన్నటి విద్యుత్తు తాకుతూ ఉంటే మెదడులో దాహం అనే మాటే పుట్టదు.

అయితే తలుపు మూసేశాక ఇటు వార్త అటు వెళ్లదు, అటు వార్త ఇటు రాదు. మొదటిసారి ఆరు ఎలుకలకి ఆ పట్టీ పెట్టి, బోనులో గిన్నె నిండా నీళ్లు పెట్టి, శుక్రవారం సాయంత్రం ఇంటికి వెళ్లాడు. సోమవారం వచ్చి చూస్తే ఆరూ నీళ్ల గిన్నె చుట్టూ పడి ఉన్నాయి, ఎండి అట్టముక్కల్లా. గిన్నెలో నీళ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక ఎలుక తోక నీళ్లలోనే ఉంది. ఆ తోక కోదండపాణి తలలోంచి మరి పోలేదు.

అందుకే సీసా చేశాడు. సీసా మూతి చుట్టూ వెండి రంగు వలయం. పెదవి దానికి తగిలి నీళ్లు కదిలితే ఎన్ని మిల్లీలీటర్లు వెళ్లాయో లెక్క కట్టి ఫోనుకి పంపుతుంది. అరగంటకోసారి తాగాల్సినంత తాగకపోతే కూత పెడుతుంది. అప్పటికీ తాగకపోతే కూత పెంచుతుంది. పదకొండు మంది కుర్రాళ్ల మీద ల్యాబులో పరీక్షించారు. ఎవరి సీసా వాళ్లది, మూతి నోట కరుచుకుని గటగటా తాగేవాళ్లు. ఒక్క అంకె తప్పలేదు.

కంపెనీవాళ్లు చూసి ముచ్చటపడ్డారు. కిడ్నీ రోగుల సంగతి తర్వాత, ముందు ఎండలో పనిచేసేవాళ్లకి, సైనికులకి, ఎడారి యాత్రికులకి అమ్ముదామన్నారు. ఎడారిలో పరీక్ష చెయ్యడానికి అనుమతులు రావాలంటే రెండేళ్లు. ఆ రెండేళ్లు కలిసొస్తాయని కోదండపాణి సెలవు పెట్టి, నాలుగు పట్టీలూ మూడు సీసాలూ సూట్‌కేసులో చీరల మధ్య పెట్టాడు. చీరలు వకుళవి. ఆమెకి చెప్పాడు, ఆమె సరేనంది. ఇరవై నాలుగేళ్ల కాపరంలో అతను అడిగినవాటిలో ఇది మరీ పెద్దదేం కాదనుకుంది.

బంకు దాటి పది నిమిషాలు పోయేసరికి తారు అయిపోయి కంకర మొదలైంది. అటూ ఇటూ పసుపు రంగు నేల, దాని చివర్న ఎర్ర కొండలు, వాటి పైన ఏమీ లేని ఆకాశం. ఒక చెట్టు లేదు, ఒక తీగ లేదు. ఫోనులో సిగ్నలు కూడా బంకు దగ్గరే దిగిపోయింది. సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి మూడు వందల ముప్ఫై కిలోమీటర్లు. ఇసుక చూసి చూసి విసుగొచ్చిందని సుదర్శనం తొమ్మిదింటికే అన్నాడు.

సీసా కూసింది.

"తాగావా?" ముందు సీట్లోంచి కోదండపాణి.

"తాగాను."

అతను ఫోను చూసుకున్నాడు. "సున్నా చూపిస్తోంది."

"చూపించనీండి. గొంతు దిగింది నాకు తెలీదా?"

"అదే నీకు తెలీదు వకుళా. పట్టీ ఉన్నంతసేపూ తాగిందీ తెలీదు, తాగనిదీ తెలీదు. అందుకే కదా ఆ సీసా. ఈ కుదుపులకి ఒలికిపోయి ఉంటుంది. మళ్లీ తాగు."

ఆమె మళ్లీ తాగింది. మెడ కొంచెం తిప్పితే అతనికి వెనక సీటు కనపడేది. అంకెలు ముందున్నాయి కాబట్టి అతని కళ్లూ ముందే ఉన్నాయి. ఈసారి ముప్ఫై మిల్లీలీటర్లు చూపించింది. కారు గోతిలో పడ్డప్పుడు సీసా ఆమె పెదవికి తగిలింది కాబట్టి చూపించిన ముప్ఫై అది. అతనికి ఆ సంగతి తెలీదు.

పదింటికి ఒకసారి ఆగారు. సుదర్శనం వెనక డోరు తీసి ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఊపి చూశాడు.

"ఇదేంటి బావా, అప్పుడే ఇంత ఖాళీ అయింది. కన్నం గానీ పడలేదు కదా?"

"కింద తడి ఉందా?"

"ఈ ఎండకి తడి నిలుస్తుందా. పడ్డది పడ్డట్టే ఆవిరైపోతుంది."

కోదండపాణి క్యాను చుట్టూ చెయ్యి పెట్టి తడిమాడు. వేళ్లకి దుమ్ము తప్ప ఏమీ అంటలేదు. అయినా కన్నమే అయ్యుంటుందనుకున్నాడు. నీళ్లు తగ్గుతున్నాయన్న భయంతో రోడ్డుని ఆ చివర్నుంచి ఈ చివరికి చూశాడు. అరవై కిలోమీటర్లకి ఒక్క కారు ఎదురు రాలేదు. ఫోను లెక్క ప్రకారం వకుళ ఉదయం నుంచి నూట అరవై మిల్లీలీటర్లు తాగింది. ఆ గ్లాసెడు నీళ్లతో ఈ ఎండలో మనిషి.

పదకొండింటికి సీసా మళ్లీ కూసింది. కోదండపాణికి గుండెలో కూసినట్టైంది.

"వకుళా, నీకు దణ్ణం పెడతాను. తాగు."

"ఇప్పటికి ఈ లీటరు సీసా అయిదుసార్లు నింపానండీ. నేను లెక్కల టీచర్ని. అయిదు అంటే అయిదే."

"నింపావు. తాగలేదు. సీసా రెండు వందల ఇరవై అంటోంది."

"అయితే సీసా అబద్ధం చెబుతోంది."

"సీసా అబద్ధం చెప్పదు."



"అయితే నేను చెబుతున్నానన్నమాట" అంది వకుళ. గొంతు పెంచలేదు. "ఇన్నేళ్లకి నా మీద ఒక సీసా గెలిచింది. సరే."

పంతం పట్టిన మనిషి ఎలా తాగుతుందో అలా తాగింది, లీటరు సీసా ఖాళీ అయ్యేదాకా. ఫోనులో అంకె కదల్లేదు. కోదండపాణి నీరుగారిపోయాడు. కోపంతో కిటికీలోంచి పారబోసిందనుకున్నాడు. అనుకున్నాడు గానీ పైకి అనలేదు. ఆ రోజు పన్నెండు లోపల అతను చేసిన ఒకే ఒక మంచిపని అది.

పదకొండున్నరకి ఆమె తలనొప్పి అంది. నీళ్లు తగ్గినప్పుడు మొదట వచ్చేది తలనొప్పే అని కోదండపాణి రాసుకున్న పట్టికలో ఉంది. తర్వాత గాజులు బిగుసుకుపోయాయంది, మోచేతి దాకా రావడం లేదంది. అది పట్టికలో లేదు, కాబట్టి అతను పట్టించుకోలేదు. తర్వాత వాంతి చేసుకుంది. సుదర్శనం కారాపాడు. తెల్లటి నీళ్లు, అంతా నీళ్లే, ఇసుకలో పడి క్షణంలో మాయమయ్యాయి.

"ఉన్న కాస్త నీళ్లూ పోయాయి" అన్నాడు కోదండపాణి. నోట తడి ఆరిపోయింది. ఆరిపోయిందని అతనికీ తెలీలేదు.

వెనక సీట్లోకి మారి స్టీలు గ్లాసు తీశాడు. ఆమె తల ఒళ్లో పెట్టుకుని, తన చేత్తో గ్లాసు తర్వాత గ్లాసు పట్టించాడు. ఆమె ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పకపోవడం చూసి సుదర్శనం అద్దంలోంచి రెండుసార్లు వెనక్కి చూశాడు. అక్క అలా ఊరుకోగా అతను పుట్టాక చూడలేదు.

"అక్కా. ఏంటే, మాట్లాడు."

"ఎనిమిదో తరగతి పుస్తకాలు తియ్యండి" అంది వకుళ.

"అక్కా?"

"వెనక బెంచీ. నిన్నే. తడిసిపోతోంది పుస్తకం. ఎత్తు."

సుదర్శనం ఇక జోకు వెయ్యలేదు. అప్పటిదాకా దారి పొడుగునా ప్రతి రాయికీ ఒక పేరు పెడుతూ వచ్చినవాడు నోరు మూసుకుని రెండు చేతులా స్టీరింగు పట్టుకున్నాడు.

"స్పీడు పెంచు" అన్నాడు కోదండపాణి.

"ఎనభైలో ఉన్నాను బావా."

"పెంచవోయ్."

"పెంచితే పల్టీ కొడతాం. కంకర మీద బ్రేకు పట్టదు. ముగ్గురం పోతే అక్కని ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు?"

పన్నెండుంబావుకి వకుళ ఒళ్లు ఒక్కసారి కొయ్యలా బిగిసింది. పళ్లు కరుచుకుపోయాయి. చేతులు కొట్టుకున్నాయి. ఫిట్స్. కోదండపాణి ఆమెని పక్కకి తిప్పి పట్టుకున్నాడు. నోటి పక్క నురుగుతో కలిసి నీళ్లు కారాయి. ఒక నిమిషం. ఒకటిన్నర. తర్వాత శరీరం మెత్తబడింది. ఊపిరి గురకలా వచ్చింది. ఆమె కాళ్ల దగ్గర పడి ఉన్న సీసా అదే పనిగా కూస్తోంది, తాగమని.

కారు ఆగింది. నాలుగు వైపులా మనిషి లేడు. ఫోనెత్తి చూస్తే సిగ్నలు లేదు. ఆస్పత్రి ఇంకా నూట పది కిలోమీటర్లు. ఇంత భయం కోదండపాణి జీవితంలో ఎప్పుడూ పడలేదు. అన్నయ్య పోయినప్పుడు పడింది దుఃఖం. ఇది వేరు. ఇది తన చేత్తో తను చేసింది.

"బావా, అదుగో" అన్నాడు సుదర్శనం.

రోడ్డు మలుపులో దుమ్ము లేస్తోంది. దుమ్ము ముందు పసుపు రంగు యంత్రం ఒకటి, పొడుగాటి ఇనుప పలకతో కంకరని చదును చేసుకుంటూ మెల్లగా వస్తోంది. దాన్ని నడిపే మనిషికి అరవై ఏళ్లుంటాయి. పెద్ద టోపీ. ఆపి, దిగి, పరిగెత్తకుండా, గబగబా వచ్చాడు. తన పేరు టోబియాస్ అన్నాడు. ఇంగ్లీషులో నెమ్మదిగా మాట్లాడాడు. వెనక సీటులోకి వంగి, వకుళ కన్ను రెప్ప ఎత్తి చూశాడు. చెయ్యి తీసుకుని ఆమె మణికట్టు మీద బొటనవేలు నొక్కాడు. నొక్కినచోట గుంట పడింది, పడి అలాగే ఉంది.

"ఏం తాగింది?" అని అడిగాడు.

"ఏమీ తాగలేదు. అదే గొడవ. ఉదయం నుంచి పావు లీటరు. ఎండిపోయింది."

టోబియాస్ ఆమె చేతి మీది గుంటనీ, కోదండపాణినీ మార్చి మార్చి చూశాడు. "ఈ రోడ్డు మీద ఎండిపోయినవాళ్లని ఇద్దర్ని ఎత్తాను. వాళ్ల చర్మం ఇలా ఉండదు. మీ నీళ్లు ఏమయ్యాయి?"

"క్యాను కారిపోతోంది."

టోబియాస్ వెళ్లి క్యాను ఎత్తాడు. తల కిందులు చేసి పట్టుకున్నాడు. అడుగున మిగిలిన నాలుగైదు లీటర్లు లోపల గళగళమన్నాయి. ఒక్క చుక్క బయటికి రాలేదు. క్యాను అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"నేను మూడు లీటర్లు తాగానేమో బావా" అన్నాడు సుదర్శనం. "మీరు?"

"రెండున్నర. సీసాలో ఉంది లెక్క."

"మరి మిగతావి అక్కే తాగి ఉండాలి కదా."

"సీసా తాగలేదంటోందిరా. పెదవి తగిలితే సీసాకి తెలుస్తుంది."

సుదర్శనం అర్థం కానట్టు చూశాడు. "అక్క సీసాకి మూతి పెట్టి ఎప్పుడు తాగింది బావా? ఎంగిలని చిన్నప్పట్నుంచీ ఎత్తిపోసుకునే తాగుతుంది కదా. మంచాన పడ్డప్పుడు కూడా అంతే. మీకు తెలీదా?"

తెలుసు. ఇరవై నాలుగేళ్లుగా రోజుకి పదిసార్లు చూశాడు. తల వెనక్కి వాల్చి, చెంబు జానెడు ఎత్తున పట్టుకుని, ఒక్క చుక్క కింద పడకుండా, పెదవికి తగలకుండా. రైల్లోనూ అలాగే, బస్సులోనూ అలాగే. పెళ్లైన కొత్తలో ఆ ధారని చూసి అతనే మురిసిపోయాడు. వలయం చేస్తున్నప్పుడు పెదవి అనే మాట వెయ్యిసార్లు రాశాడు. ఆ వెయ్యిసార్లలో ఒక్కసారి కూడా అతనికి వకుళ గుర్తు రాలేదు.

లెక్క దానంతటదే తలలో కూర్చుంది. ఎనిమిది లీటర్లు, ఇంకా ఎక్కువే. నాలుగు గంటల్లో. చివరి రెండూ తన చేత్తో పట్టించినవి. దాహం తెలియకపోతే ఎంత తక్కువైందో తెలీదని అతనికి ఎలుకలు చెప్పాయి. ఎంత ఎక్కువైందో కూడా తెలీదని ఏ ఎలుకా చెప్పలేదు. మామూలు మనిషైతే మూడో లీటరుకే గొంతు మొరాయిస్తుంది, ఇక దిగనంటుంది. ఆ గొంతుని కూడా పట్టీ నిద్రపుచ్చింది. రక్తంలో ఉప్పు పలచబడిపోయింది. మెదడు నీళ్లు పీల్చి ఉబ్బుతోంది, దాని చుట్టూ ఉన్న పుర్రె మాత్రం ఉబ్బదు.

ఎడారి నడిమధ్యలో, సొంత మొగుడి చేతిలో, మనిషి నీళ్లలో మునిగిపోతోంది.

అతను వకుళ చెవి వెనక పట్టీని పీకేశాడు. తనదీ పీకేశాడు. సీసా ఇంకా కూస్తోంది. అడుగు విప్పి బ్యాటరీ లాగేసరికి నోరు మూసింది.

"ఉప్పు" అన్నాడు. "ఉప్పు కావాలి."

టోబియాస్ తన యంత్రం కేబినులోంచి ఒక డబ్బా తెచ్చాడు. మాంసంలో వేసుకునే రాళ్ల ఉప్పు. కోదండపాణి అర గ్లాసు నీళ్లలో మూడు చెంచాలు వేసి, స్క్రూడ్రైవరు పిడితో నూరి కరిగించాడు. అర గ్లాసు నీళ్లు పొయ్యడానికి కూడా చెయ్యి రాలేదు. ఎక్కువ పోస్తే మెదడు, పొలమారితే ఊపిరి. వకుళ తెలివిలో లేదు, పూర్తిగా లేకుండానూ లేదు. చెంచాతో నాలుక మీద ఒక్కో చుక్క వేశాడు. మింగింది. మళ్లీ వేశాడు. మొహం చిట్లించింది. ఆ చిట్లింపు చూసి అతనికి ఏడుపొచ్చింది.

"వెళ్లండి. నా దగ్గర రేడియో ఉంది, ఊళ్లోకి చెబుతాను. అంబులెన్సు ఎదురొస్తుంది" అన్నాడు టోబియాస్. సుదర్శనం భుజం తట్టాడు. "ఎనభై. దాటకు."

"దాటను" అన్నాడు సుదర్శనం.

నూట పది కిలోమీటర్లకి గంటన్నర. ఆ గంటన్నరలో కోదండపాణి స్పీడు పెంచమని నాలుగుసార్లు అన్నాడు, ఒకసారి తిట్టాడు, ఒకసారి బతిమాలాడు. సుదర్శనం ముల్లుని ఎనభై మీద మేకు కొట్టినట్టు నిలబెట్టాడు. మధ్యలో ఒకచోట, తెల్ల కారొకటి చక్రాలు పైకి పెట్టుకుని పడి ఉంది, ఎప్పటిదో, తుప్పు పట్టి. దాన్ని దాటుతున్నప్పుడు ఇద్దరూ దానివైపు చూశారు. కోదండపాణి మరి స్పీడు మాట ఎత్తలేదు. చెంచా, చుక్క, ఊపిరి. చెంచా, చుక్క, ఊపిరి. ఒకసారి ఊపిరి రావడం ఆలస్యమైంది. అతను ఆమె ముక్కు దగ్గర చెంప పెట్టి కాచుకున్నాడు. వచ్చింది.

తారు రోడ్డు కలిసేచోట అంబులెన్సు ఎదురొచ్చింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ సోడియం నూట పదకొండు అంది. నూట ముప్ఫై అయిదు ఉండాలి. ఆమె కోదండపాణిని ఒకటే అడిగింది, ఆ ఉప్పు నీళ్లు ఎవరిచ్చారని. అతను నీళ్లు నమిలాడు. ఆఖరికి తనేనని చెప్పాడు. "అవి ఇవ్వకపోతే ఇక్కడిదాకా వచ్చేది కాదు" అంది ఆమె. ఎనిమిది లీటర్లు ఇచ్చిందెవరని ఆమె అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

సాయంత్రం నాలుగింటికి, ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్నవాడికి గొంతు మండింది. నాలుక అంగిటికి అతుక్కుంది. ఏమైందో కాసేపు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. దాహం. పట్టీ తీసిన మూడున్నర గంటలకి తిరిగొచ్చింది. కుళాయి దగ్గరికి వెళ్లి, దాని కింద నోరు పెట్టి, చొక్కా తడిసేదాకా తాగాడు.

మూడో రోజుకి వకుళ లేచి కూర్చుంది. పేరు చెప్పింది, ఊరు చెప్పింది, పదిహేడో ఎక్కం తడుముకోకుండా చెప్పింది. సుదర్శనం పక్కకి తిరిగి కళ్లు తుడుచుకుని, "ఎక్కం తప్పితే నేనెలా కనుక్కుంటాననుకున్నావే, నాకే రాదు" అన్నాడు. ఆమె నవ్వింది. ఆస్పత్రి నుంచి సముద్రం ఒడ్డున చిన్న గదికి మారారు.

కంపెనీ మేనేజరు ఫోను చేశాడు. జరిగింది విని విచారించాడు, నిజంగానే విచారించాడు. తర్వాత, "వలయం మార్చేద్దాం సార్. పెదవి కాకుండా గొంతు కదలికని లెక్కపెట్టేలా. ఆరు నెలల పని" అన్నాడు.

"పట్టీ మార్కెట్లోకి రాదు" అన్నాడు కోదండపాణి. "నేను అనుమతి లేకుండా పరాయి దేశం తీసుకొచ్చి నా భార్యకి పెట్టానని రాసి పంపుతున్నాను. అది చదివాక ఎవరూ దీనికి అనుమతి ఇవ్వరు. నా ఉద్యోగం కూడా ఉండదు."

"తొమ్మిదేళ్లు సార్."

"అవును. ఇంకో సంగతి. పట్టీ తీసి అయిదు రోజులైంది. ఆవిడకి దాహం తిరిగి రాలేదు."



తలుపు తీసినా అవతల ఎవరూ లేరు. మెదడు ఉబ్బినప్పుడు ఆ మూల నలిగి ఉంటుందని డాక్టరమ్మ అంది. రావచ్చు, రాకపోవచ్చు అంది. అంతవరకూ తక్కువ కాకుండా, ఎక్కువ కాకుండా, ఎవరో ఒకరు చూసుకోవాలి. మొన్న పొద్దున వకుళ ముందు గ్లాసెడు నీళ్లు పెట్టి దాహంగా ఉందా అని అడిగాడు. ఆమె గోడని చూసినట్టు గ్లాసుని చూసింది. "దాహం అంటే ఎలా ఉంటుందో గుర్తు రావట్లేదండీ. మీరు చెప్పండి, ఎక్కడ మొదలవుతుంది?" అంది. అతను చెప్పబోయాడు. తొమ్మిదేళ్లు దాని మీదే పనిచేసినవాడికి ఒక్క మాట దొరకలేదు.

మేనేజరు ఫోను వచ్చిన రోజు మధ్యాహ్నం బావామరుదులిద్దరూ కారు తిరిగిచ్చే ముందు టైర్లలో గాలి నింపించడానికి బంకుకి వెళ్లారు. సుదర్శనం మీటరు చూస్తూ గాలి కొడుతున్నాడు. ఎండ చురుక్కుమంటోంది. కోదండపాణికి నాలుక మీద చిన్న గరుకు తగిలింది. గొంతు మొదట్లో సన్నటి మంట.

అతను వెనక్కి తిరిగి గది వైపు నడిచాడు. నడక పరుగైంది.

"బావా, ఎక్కడికి?"

"దాహమేసింది."

"కారులో నీళ్ల బాటిలుంది కదా."

"దాహమేసింది నాకు. తాగాల్సింది మీ అక్క."

నాలుగు వీధులు. గదిలోకి వచ్చేసరికి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. వకుళ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. అతను గ్లాసు తీసి, కూజా వంచాడు.

"వేళైందా?" అంది ఆమె.

"అయింది. ఇప్పుడే నాకు వేసింది."

ఆమె అతని చొక్కా చూసింది, వగర్పు చూసింది. లెక్కల టీచరు కదా.

"ఎండకి వేసిందా, పరిగెత్తినందుకు వేసిందా?"

అతని చెయ్యి ఆగిపోయింది. బంకు దగ్గర వేసిన దాహమెంత, పరుగులో పెరిగిందెంత, నీడలో కూర్చున్న మనిషికి అందులో వాటా ఎంత. గ్లాసులో నీళ్లు సగం దాకా ఉన్నాయి. ఇంకాస్త పొయ్యాలో, ఉన్నదే ఎక్కువో. ఆమె నోరు తెరిచి కాచుకుని ఉంది, ఎంత పోస్తే అంత తాగడానికి. అతను గ్లాసు పట్టుకుని ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.